అన్నయ్య రెండు వేళ్ళు

మా ఇంటి ఇన్‌స్పెక్టరమ్మకి,

బాబాయి దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మొదటి వరసలో ఆ ముక్క లేకపోతే పోస్టువాళ్ళు ఉత్తరం తీసుకోరేమోనని భయపడి రాశాను. నువ్వూ అల్లుడూ బాగున్నారనీ, నీ దగ్గు తగ్గిందనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అది ఉత్తరమా, పరీక్ష పేపరా? అయిదో తరగతిలో కిటికీ దూకి తప్పించుకున్నవాణ్ణి, ఈ వయసులో పట్టుకొచ్చి కూర్చోబెట్టావు. సరే, తేలిక ప్రశ్నలు ముందు రాస్తాను. మీ అమ్మ మాత్రలు వేసుకుంటోంది. అంటే, నేను చూస్తున్నప్పుడు వేసుకుంటోంది. బట్టలకొట్టాయన మన షాపు కొంటానని ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు నన్ను తమరు అంటున్నాడు. ఇంతకుముందు ఏమనేవాడో ఆడపిల్లకి రాయకూడదు.

ఇక అసలు ప్రశ్న. నాన్న గురించి ఏమైనా రాయి బాబాయ్, ఎంత తలుచుకున్నా నాకు ఆయన వీపే గుర్తొస్తోంది అన్నావు. నీ తప్పేం లేదు. నువ్వు లేచేసరికి ఆయన గుమ్మం దాటుతూ ఉండేవాడు, వచ్చేసరికి నువ్వు నిద్రపోయేదానివి. వీపు కాక ఇంకేం కనపడుతుంది?

మీ తాత పోయేటప్పటికి మా అన్నయ్యకి ఇంకా మీసం రాలేదు. తనకి లేని మీసాన్ని ఊరందరికీ కత్తిరించడం మొదలుపెట్టాడు. కుర్చీ ఎత్తు అందక సబ్బుల పెట్టె బోర్లించి దానిమీద నిలబడేవాడు. పెట్టె దిగాడు గానీ, నిలబడ్డం మానలేదు. షాపులో ఒక కుర్చీ, ఒక బెంచీ ఉన్నాయి కదా, ఆ రెంటిలో దేనిమీదా ఆయన కూర్చోగా చూసినవాడు లేడు. అన్నం కూడా గోడకి ఆనుకుని నిలబడే తినేవాడు. అలా నిలబడే మీ అత్తకి పెళ్ళి చేశాడు, రెండు గదులు వేశాడు, ఊళ్ళోవాళ్ళ జుట్టు మీద నిన్ను కాలేజీ దాటించాడు, పని చెయ్యని తమ్ముణ్ణి మేపాడు. చివరిదే అన్నిటికన్నా బరువు.

పని చేస్తున్నప్పుడు మాట్లాడేవాడు కాదు. తల తిప్పమని నోటితో అడగడం నేను వినలేదు. చెవి వెనక రెండు వేళ్ళు ఆనించేవాడు, అంతే. ఎస్సై గారూ, హెడ్మాస్టరు గారూ, వడ్డీ వ్యాపారీ, ఇంకెవరికీ తల వంచని వాళ్ళంతా ఆ వేళ్ళకి వంచేవాళ్ళు. నేను మాత్రం కావాలని రెండోవైపుకి తిప్పేవాణ్ణి. దువ్వెనతో ఒకటి పడేది. ఒకసారి నేను షాపు ముందు 'బట్టతలకి సగం ధర' అని బోర్డు రాసి పెట్టాను. ఊళ్ళో బట్టతలలన్నీ వరస కట్టాయి. మీ నాన్న బయటికొచ్చి బోర్డు చదివాడు, నావైపు చూశాడు. బోర్డు తియ్యలేదు. రాసినమాట రాసినట్టే ఉండాలని రోజంతా సగానికే చేశాడు. ఆయన్ని ఏడిపించడం అంత కష్టం.

ఆయన పోయిన వేళ గురించి నీకు పూర్తిగా చెప్పలేదు. కుర్చీలో ఉన్నది హెడ్మాస్టరు గారు. మెడ మీద కత్తెర వెయ్యడానికి మీ నాన్న ఆయన తల వంచాడు. పైకెత్తే వేళ్ళు వస్తాయని హెడ్మాస్టరు వంచిన తల వంచినట్టే ఉంచి కూర్చున్నాడట. చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తనంతట తనే తలెత్తితే, అద్దంలో వెనకాల ఎవరూ లేరు. కిందికి చూస్తే మీ నాన్న ఉన్నాడు.

రెండో ప్రశ్న కోపంగా అడిగావు. అమ్మ షాపు గురించి ఏవేవో రాస్తోంది, అవన్నీ నీ వేషాలేనా, వేషాలైతే అమ్మని తీసుకొచ్చేసి షాపు అమ్మేస్తాను అన్నావు. కుర్చీ పక్కన నాన్న చెప్పులు పెట్టింది నేనే. నాన్న పోయాక మనం పెట్టుకున్న పనివాడు టీకని వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు, వాణ్ణి కాస్త బెదిరిద్దామని పెట్టాను. మిగతావి నావి కావు. ఇన్నాళ్ళు అందరికీ అబద్ధాలు చెప్పినవాడికి నిజం చెప్పాల్సి వస్తే ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

మొదట్లో నవ్వుకున్నాం. పనివాడు చెయ్యి వెయ్యకముందే జనం తలలు వాటంతటవే వాలేవి. ఒక పక్క కాగానే రెండో పక్కకి తిరిగేవి. ఏళ్ళ తరబడి ఆ వేళ్ళకి అలవాటు పడ్డ తలలు కదా అనుకున్నాం. నేనైతే ఊళ్ళో తలల్ని మా అన్నయ్య తోలుతున్నాడని అందరికీ చెప్పి నవ్వించాను.

ఆ తర్వాత ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ఈ ఊరి మొహం అంతకుముందు చూడలేదు, లారీ చెడిపోయి ఆగాడు. గడ్డం గీయమని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పనివాడు పంపు దగ్గర గిన్నెలో నీళ్ళు పడుతున్నాడు. నేను బెంచీ మీద ఉన్నాను. కుర్చీ వెనకాల ఎవరూ లేరు. డ్రైవరు తల మెల్లగా ఎడమవైపుకి వాలింది. కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"వేళ్ళు బాగా చల్లగా ఉన్నాయేంటి గురూ, నీళ్ళలో నానబెట్టావా?"

పనివాడి చేతిలోంచి గిన్నె జారిపోయింది. వాడు జీతం కూడా అడగకుండా ఆ మధ్యాహ్నం బస్సెక్కాడు.

ఇక్కడి నుంచి రాసేది నీకు రాయనని మీ అమ్మకి మాటిచ్చాను. మాట తప్పుతున్నాను.

పనివాడు పోయాక షాపు మూసేశాను. ఒకరోజు వదిన తాళంచెవి అడిగింది, ఒకసారి ఊడ్చి వస్తానంది. నీకు తెలుసుగా, ఇన్నేళ్ళలో ఆవిడ టీ గ్లాసు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చిందే గానీ లోపల కాలు పెట్టలేదు. ఊడ్చింది. అద్దం తుడిచింది. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ తల వంగలేదు. గడ్డం కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు నెమ్మదిగా పైకి లేచింది. జుట్టుముడి దానంతటది వదులై వీపు మీద పడింది. ఒక మనిషికి క్షవరం అయ్యేంతసేపు కళ్ళు మూసుకుని అలాగే ఉంది. బయటికొచ్చాక నన్ను చూసి సిగ్గుపడింది.

"ఊరందరికీ దొరికిన చెయ్యయ్యా అది. నాకు ఇప్పటికి దొరికింది."

దానికి నేనేం జోకు వెయ్యను? ఆవిడ బయటపడలేదు గానీ, నీకన్నా ఎక్కువగా ఆ వీపునే చూస్తూ బతికిన మనిషి. పోనీలే అనుకున్నాను. అందుకే నీకు రాసిన ఉత్తరాల్లో షాపు అమ్మొద్దని వాదించాను.

ఇప్పుడు రోజూ వెళ్తోంది. రోజురోజుకీ ఎక్కువసేపు కూర్చుంటోంది. మన వీధి అరుగు ఎక్కలేని మోకాళ్ళు షాపుకి వెళ్ళేటప్పుడు నొప్పెట్టవు. అన్నం కెలికి వదిలేస్తోంది. బయటికొచ్చినప్పుడు చెయ్యి తగిలితే తడిగుడ్డ పట్టుకున్నట్టుంటోంది. మొన్న తాళం వేసి చెవి నా జేబులో వేసుకున్నాను. చెవి జేబులోనే ఉంది, మధ్యాహ్నానికి తలుపు తీసి ఉంది. నిన్న గుమ్మంలోంచి పిలిస్తే పలకలేదు. మళ్ళీ మళ్ళీ పిలిస్తే, చెవి వెనక ఎవరో తాకినట్టు తల మాత్రం నావైపు తిరిగింది. కళ్ళు నామీదికి రావడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఇంటికి నడుస్తూ, రేపట్నించి నేను గుమ్మంలో నిలబడక్కర్లేదంది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపొమ్మంది. మరి నువ్వెప్పుడొస్తావు వదినా అని అడిగితే, జాలిగా చూసింది. చిన్నపిల్లాణ్ణి చూసినట్టు.

కనక షాపు అమ్మెయ్యి. బట్టలకొట్టాయన ఎంతిస్తే అంతకే అమ్మెయ్యి. మీ అమ్మని తీసుకుపో. ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, అయినా తీసుకుపో. నీ మాటైతేనే వింటుంది.

ఇవాళ పొద్దున ఆవిడకన్నా ముందు వచ్చి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఈ ఉత్తరం అందులో కూర్చునే రాస్తున్నాను. వదిన వచ్చింది, లెమ్మంది. లేవనన్నాను. ఈ వయసులో ఏం వేషాలయ్యా ఇవి అంది. తర్వాత వెళ్ళి బెంచీ మీద కూర్చుంది, తన వంతు కోసం కూర్చున్నవాళ్ళలాగ.

మీ నాన్న నా తల ముట్టుకోలేదు. ఊరికే వెనకాల నిలబడ్డాడు. అద్దంలో కనపడడు గానీ, మెడ మీద చలికి తెలుస్తోంది. పనైపోయినా కబుర్లు చెబుతూ దిగనివాళ్ళని లెమ్మని అడిగే మనిషి కాదు కదా. గుడ్డ చేత్తో పట్టుకుని, వాళ్ళు లేచేదాకా ఓపిగ్గా నిలబడేవాడు. ఇవాళా అలాగే నిలబడ్డాడు. ఆయన ఓపికతో ఎవరూ గెలవలేదు.

పోస్టుమాను వస్తే ఈ కవరు ఇక్కణ్ణించే అందిస్తాను. తిండి ఎదురు టీకొట్టువాడు తెచ్చిస్తానన్నాడు. అయినా మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు లేవక తప్పదు తల్లీ. ఆ లోపే రా.

ఇట్లు,
కుర్చీ దిగని
నీ బాబాయి