లేని కుక్కకు బీమా

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. అక్కడ నువ్వూ పెద్దమ్మా బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నేనూ నాన్నా ........................

ఈ చుక్కలు చూసి కంగారుపడకు. పడతావని తెలుసు, అయినా చెప్తున్నాను. అక్కడ ఏం రాయాలో నాకు తెలియక కాదు, ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే. ఈసారి మాత్రం నాన్న కిందికి దిగాక నింపుతాను. ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చుని రాయడం లేదమ్మా. నాన్న అద్దాలు తుడుస్తున్న బిల్డింగుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, బస్సుల కోసం వేసిన బెంచీ మీద కూర్చున్నాను. ఒక వాక్యం రాస్తాను, తలెత్తి చూస్తాను. మళ్ళీ ఒక వాక్యం. ఇక్కణ్ణుంచి చూస్తే నాన్న గోడకి అతుక్కున్న బల్లిలా ఉన్నాడు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు స్పీకరు పెట్టకుండా మాట్లాడలేవు, పెద్దమ్మ మధ్యలో సలహా ఇవ్వకుండా ఉండలేదు. తుంటి విరిగి నిన్ను సాయానికి పిలిపించుకుంది గానీ ఆవిడ నోటికేం కాలేదుగా. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నాన్న వేళకి తింటున్నాడు, కూరలో ఉప్పు లేదని రోజూ అంటున్నాడు, రోజూ గిన్నె ఖాళీ చేస్తున్నాడు. బాల్కనీలో మొక్కలు రెండు బతికున్నాయి, మిగతావాటి గురించి అడగకు. ఇంటర్వ్యూ బాగానే జరిగింది, కబురు చేస్తామన్నారు. కబురు చేస్తామన్నవాళ్ళందరూ నిజంగా చేస్తే ఈపాటికి నాకు ఊపిరాడేది కాదు. వాషింగ్ మెషీను బాగుచేయించలేదు. తలుపు వేసే ఉంది, ఎవరం తెరవట్లేదు. ఈ మెషీను సంగతి కాస్త గుర్తుపెట్టుకో.

ఇక చివరి ప్రశ్న. పెద్దమ్మ ఆస్పత్రి ఖర్చు చూసి గుండె దడ పుట్టిందనీ, నాన్న బీమా సంగతి ఒకసారి కనుక్కోమనీ రాశావు. కనుక్కున్నాను. కనుక్కోకుండా ఉంటే బాగుండేది అని ఒక్కోసారి అనిపిస్తోంది.

నాన్న పనికి వెళ్ళాక కంపెనీకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి గొంతు ఎంత తియ్యగా ఉందో! నాన్న పేరూ నంబరూ చెప్పగానే అడిగింది:

"మీ కుక్క ఎలా ఉంది మేడమ్?"

"ఏ కుక్క?"

"మీ పెంపుడు కుక్క మేడమ్. మూడేళ్ళది. దానికి మా దగ్గర పూర్తి రక్షణ ఉంది."

"మాకు కుక్క లేదండీ. ఎప్పుడూ లేదు."

ఆ పిల్ల గొంతు తగ్గించి అంది, "అయ్యో, పోయిందా మేడమ్? క్లెయిము పెట్టుకోవచ్చు."

నవ్వొచ్చింది. అదే ఆఖరి నవ్వు. కుక్క ఒక్కటే కాదమ్మా. మనకి లేని కారు దారిలో ఆగిపోతే వచ్చి లాగడానికి ఒకటి. పన్ను పుచ్చితే చూపించుకోవడానికి పళ్ళ క్లబ్బు అని ఒకటి. ఇంట్లో పైపులు పగిలితే ఒకటి. ఏటా పాలసీ మళ్ళీ కట్టేటప్పుడు ఫోన్లో వచ్చే కాగితాల్లో, ఎవరూ చదవని పేజీలో, ముందే టిక్కు పెట్టి ఉంటాయట. వద్దనుకుంటే మనమే వెతికి తీసెయ్యాలట. నాన్న కింద ఉన్న 'అంగీకారం' నొక్కాడు. ఎవరైనా అదే నొక్కుతారు.

"సరే, అవన్నీ తీసెయ్యండి. నాన్న అసలు పాలసీ ఉంది కదా?" అన్నాను.

"అది ఆగిపోయింది మేడమ్."

నాన్న ఖాతాలోంచి ముందు ఈ చిల్లర సేవల డబ్బు లాగేసుకుంటారట. మిగిలితే అసలు పాలసీకి. వేసవిలో నాన్నకి పని దొరకని నెలల్లో ఏమీ మిగల్లేదు. మెసేజీలు పంపామంది. వచ్చే ఉంటాయి. లాటరీ తగిలిందనే మెసేజీల మధ్యలో అవీ ఉండి ఉంటాయి. మళ్ళీ మొదలుపెట్టాలంటే నాన్న స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి, డాక్టరు పరీక్ష చెయ్యాలి, వాళ్ళు ఒప్పుకోవాలి.

"అప్పటిదాకా ఏదైనా జరిగితే మా బాధ్యత ఉండదు మేడమ్. మీ రోజు ఆనందంగా గడవాలి."

అంటే, లేని కుక్కకి బీమా ఉంది. తాడు పట్టుకుని వేలాడే మనిషికి లేదు.

ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేద్దామనుకున్నాను. స్నానం చేసి వచ్చాడు, నేను నోరు తెరిచాను, ఆయనే అందుకున్నాడు. "ఇవాళ గాలి ఎక్కువే తల్లీ. నాకేం భయం? పడితే మీరిద్దరూ మహారాణులు." ఎప్పుడూ వేసే జోకే. నువ్వు నోరు మూసుకోమని తిట్టే జోకే. కానీ అది ఉత్త జోకు కాదని నాకు ఆ రోజే తెలిసింది. పొద్దున్నే తాడు అందుకునే ముందు ఆయన లోపల ఆనుకునే గోడ అది. ఆ గోడ లేదని చెప్తే? మౌనం బాబాయ్ ఒకసారి అన్నాడు, చెయ్యి వణికినవాడు ఆ రోజు దిగిపోవాలి, వణికే చెయ్యి తాడు కంటే ముందు మోసం చేస్తుంది అని. నాన్న కింద నిలబడి తాళ్ళు చూసుకునే మౌనం బాబాయ్ తెలుసుగా, నోరు మూతపడదని అందరూ ఆ పేరు పెట్టారు. ఎన్ని మాట్లాడినా ఆ ఒక్క మాటా నా చెవిలోంచి పోలేదు.

చెప్తే చెయ్యి వణుకుతుంది. చెప్పకపోతే రేపు మళ్ళీ ఎక్కుతాడు. ఆ రెండింటి మధ్య నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఒక పని చేశానమ్మా.

నాన్న సేఫ్టీ బెల్టు దాచేశాను. వాషింగ్ మెషీన్లో, పాత దుప్పట్ల కింద.

బెల్టు లేనివాణ్ణి ఎక్కనివ్వరు కదా, ఈలోగా ఏదో ఒకటి చేసి పాలసీ కదిలిద్దామనుకున్నాను. పొద్దున నాన్న ఇల్లంతా తిరగేశాడు. నేనూ ఆయనతో పాటు మంచం కింద దూరి వెతికాను. ఆ నటన ఇంటర్వ్యూల్లో చూపించి ఉంటే ఎప్పుడో ఉద్యోగం వచ్చేది. రెండు రోజులు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కారని కుళాయి విప్పి బాగుచేశాడు, ఇప్పుడది కారుతోంది. నేను కంపెనీకి ఫోన్లు చేస్తూనే ఉన్నాను, ప్రతిసారీ వేరే తియ్యటి గొంతు, ప్రతిసారీ మొదటినుంచి.

ఇవాళ పొద్దున లేచేసరికి నాన్న లేడు. మౌనం బాబాయ్ ఫోన్ చేశాడు.

"మీ నాన్న దిగులు తీర్చేశానమ్మాయ్! నా పాత బెల్టు ఇచ్చా. మహారాజులా ఎక్కేశాడు."

"ఏ పాత బెల్టు బాబాయ్?"

"అదేనే, స్కూటరుకి సామాను కట్టుకుంటానే, అది. కుట్లు కాస్త పోయాయనుకో. అయినా మీ నాన్న బరువెంత, ఎండిన తోటకూర కాడ!"

అమ్మా, ఫోన్ మంచం మీద పడేసి మెషీను దగ్గరికి ఉరికాను. నాన్న మంచి బెల్టు నేనే లాక్కున్నాను, చెడ్డది నేనే కట్టించాను. అప్పుడు నాకు కంపెనీ గుర్తు రాలేదు, కుక్క గుర్తు రాలేదు. మెషీను తలుపు బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. దుప్పట్లు వంటగదిలోకి విసిరేసి, బెల్టు మెడలో వేసుకుని, ఇంటి తలుపు వేశానో లేదో కూడా తెలియకుండా పరిగెత్తాను. ఆటో అతను నన్నూ నా మెడలో బెల్టునీ అద్దంలో చూసి బండి వేగం పెంచాడు.

నేను వచ్చేసరికి నాన్న సగం గోడ దిగాడు. అరిస్తే ఉలిక్కిపడతాడని అరవలేదు. బాబాయ్ చొక్కా పట్టుకుని, "దింపు, మెల్లగా దింపు" అని గొణిగాను. నాన్న దిగాడు. నా చేతుల్తోనే ఆ పాత బెల్టు విప్పాను. నడుం దగ్గర కుట్టు దారం నా వేలికి చుట్టుకుని వచ్చేసింది, లాగకుండానే.

నాన్న దాన్ని చూశాడు. తర్వాత నా మెడలో ఉన్నదాన్ని చూశాడు.

"ఎక్కడ దొరికింది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ ఆ దారం ఇంకా నా వేలికే ఉంది. అంతా చెప్పేశాను. మెషీను, కంపెనీ, కారు, పళ్ళు, కుక్క, అన్నీ. నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. మౌనం బాబాయ్ మొదటిసారి తన పేరు నిలబెట్టుకున్నాడు.

నాన్న పైకి చూశాడు. "సబ్బు పూసి వచ్చేశాను. ఎండితే చారలు పడతాయి. ఆ ఒక్క వరసా తుడిచి వస్తా. తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా" అన్నాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. "చారలతో వదిలేసి ఏనాడూ దిగలేదు తల్లీ" అన్నాడు. నా మెడలోంచి తన బెల్టు తీసి కట్టుకున్నాడు. చీకట్లో కూడా పెట్టుకోగలిగే బకిల్ ఇవాళ మొదటిసారికి పడలేదు. మళ్ళీ పెట్టుకున్నాడు. నేను చూశానని ఆయన చూశాడు.

అప్పట్నుంచీ ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే అరిచేస్తానని. నాన్న పనిలో ఉండగా కిందికి చూడడు, నీకు తెలుసుగా. ఇవాళ ప్రతి అంతస్తు దగ్గరా ఆగి చూస్తున్నాడు. చూసినప్పుడల్లా చెయ్యి ఊపుతున్నాను, నవ్వుతున్నాను కూడా. ఇంత దూరం నుంచి నవ్వు కనబడుతుందో లేదో.

ఇప్పుడు గాలి వచ్చింది. తాడు పక్కకి జరిగింది. ఆగు.

అమ్మా, దిగాడు. కాళ్ళు నేల మీద ఉన్నాయి. రోడ్డు దాటి వెళ్ళి వచ్చాను. నీళ్ళ సీసా అందుకుంటుంటే ఆయన చేతిలో సగం ఒలికిపోయాయి. ఆ చెయ్యి జేబులో పెట్టేసుకుని అన్నాడు, "ఆ కుక్కకి నా పేరు పెట్టించవే. అప్పుడు పడినా డబ్బొస్తుంది." నేనూ బాబాయ్ నవ్వలేదు. ఆయనే నవ్వాడు, తర్వాత ఆయనా ఆపేశాడు.

ఇప్పుడు కంపెనీ ఆఫీసుకి వెళ్తున్నాం, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి. కాగితం చేతికొచ్చేదాకా ఎక్కనని మాటిచ్చాడు. బెల్టు ఇలా ఇవ్వమంటే మాత్రం ఇవ్వలేదు, భుజాన వేసుకునే నా కోసం నిలబడ్డాడు. నువ్వు ఫోన్ చేసి ఆయన్ని ఏమీ అనకు. వీలైనంత త్వరగా రా.

పైన చుక్కల మీద రాద్దామని కాగితం వెనక్కి తిప్పాను. అక్షరాలు నిలబడటం లేదు. అక్కడ క్షేమం అని నువ్వే చదువుకో. ఈ పూటకి అది నిజం.

ఇట్లు,
బెల్టు దొంగ,
నీ కూతురు.