బటన్ల జీపీఎస్

రూఫస్ గారూ, నేను చర్చిలో స్త్రీల కూటానికి వెళ్తున్నాను. చేపల పులుసు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి.

కొట్టు అతను వాడి చూసుకోమని ఇచ్చిపోయిన రెండు జీపీఎస్‌లూ బల్ల మీద పెట్టాను. సాయంత్రం వస్తాడు. టచ్‌స్క్రీన్‌ది తిరిగి ఇచ్చేసి బటన్లది ఉంచండి. నిన్న మధ్యాహ్నం రెండూ పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లి చూశాను. తడి వేళ్లకు టచ్‌ది పలకలేదు, ఎండలో మ్యాపుకు బదులు నా మొహమే కనిపించింది. బటన్లది మొద్దుగా ఉన్నా చెప్పిన మాట వింది. సెల్స్ అయిపోతే వాకాడులో ఏ అంగట్లోనైనా దొరుకుతాయి.

ఎవరో దాచిన డబ్బాలను మ్యాపు పట్టుకుని వెతికే ఈ ఆట మనిద్దరిదీ అని మీరే అన్నారు. ఇన్నాళ్లూ మ్యాపు చూసే ఫోను మాత్రం మీ చేతిలోనే. “వచ్చేసినాం, రా డెబోరా” అంటారు గానీ వెనక్కి తిరగరు. ఇన్ని సరుగుడు తోటలు తిరిగి నేను చూసింది మీ వీపే.

డెబోరా

తా.క.: ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దాం. ఈసారి జీపీఎస్ నా చేతిలో ఉంటుంది, మీరు వెనక రండి. నేను మధ్యమధ్యలో తిరిగి చూస్తానులే.