చీటీ లేని కుండీ

ప్రియమైన వదినకు,

నవ్వనని ముందు ఒట్టేసి, తర్వాత చదువు. నేను మళ్ళీ పరీక్ష రాస్తున్నాను.

మా నర్సరీలో కుండీల విభాగానికి పెద్దగా ఉన్నాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదే. నేను కలిపిన మట్టిలో బతికి బట్టకట్టిన మొక్కలన్నింటినీ అడుగు, అవీ అదే చెబుతాయి. కాకపోతే దానికి ఒక ఇంగ్లీషు పేపరు పెట్టారు. అది గట్టెక్కితే ముగ్గురు కూర్చుని నోటితో అడుగుతారట. కిందటిసారి ఆ పేపరులోనే బోర్లాపడ్డానని నీకు తెలుసుగా. ఈసారీ పడితే బిల్లుల కౌంటరుకు మార్చేస్తామని మేనేజరు మొహం మీదే చెప్పాడు. అద్దాల గదిలో కూర్చుని పొద్దస్తమానం మిషను టకటకలాడించాలి. మట్టి ముట్టుకోకుండా నేను బతకలేను వదినా.

నువ్వు సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు మాటలు నేర్పుతావు కదా, ఈ ఆడపడుచుకు కూడా కాస్త నేర్పు. ఫోన్‌లో వద్దు, ఈ చెవిలోంచి వచ్చి ఆ చెవిలోంచి పోతుంది. కాగితం మీద రాసి పంపు. జాబితాలు మాత్రం పంపకు, చూడగానే నిద్రొస్తుంది.

అన్నట్టు, అన్నయ్య పోయాక నువ్వు నాకిచ్చిన కోటు ఈ చలికి బాగా పనికొస్తోంది. లోపలి జేబులో ఏం దొరికాయో తెలుసా? పుచ్చగింజలు! పుచ్చకాయ తిని గింజల్ని జేబులో వేసుకునే ఆ అలవాటు చివరిదాకా మానలేదు మహానుభావుడు. గాజు షెడ్డులో ఒక కుండీలో నాటాను.

నీ మీదే భారం వేసిన,
ఆడపడుచు


ప్రియమైన మట్టి మహారాణికి,

నవ్వాను. ఒట్టు వెయ్యలేదు కాబట్టి తప్పు లేదు.

జాబితా పంపను. మాటలకూ మనలాగే కుటుంబాలుంటాయి. నీకు తగిన ఇల్లు చూసిపెట్టాను. లాటిన్‌లో నేలను ‘టెర్రా’ అంటారు. ఆవిడ తల్లి. పిల్లలు చాలామంది ఇంగ్లీషులో కాపురాలు పెట్టారు. ‘టెరిటరీ’ అంటే ఒకరి ఏలుబడిలో ఉన్న నేల. నీ షెడ్డులో అడుగు పెట్టినవాళ్ళ మీద నువ్వు అరుస్తావే, అది నీ టెరిటరీ. ‘టెర్రస్’ మొదట్లో మట్టి పోసి ఎత్తు చేసిన తిన్నె. ఇప్పుడు ఇంటి నెత్తికెక్కి కూర్చుంది. ‘టెర్రకోటా’ కాల్చిన మట్టి, అంటే నీ కుండీలే. నేల అడుగున ఉండేదంతా ‘సబ్‌టెర్రేనియన్’. మీ పక్కింటి బుల్లి కుక్కను ‘టెర్రియర్’ అంటారు చూడు, బొరియల్లో దూరి వేటాడే జాతి కాబట్టి దానికీ నేల పేరే వచ్చింది. ‘మెడిటరేనియన్’ నేలల నడుమ చిక్కిన సముద్రం. ‘ఇంటర్’ అంటే నేలలో పాతిపెట్టడం.

ఒక హెచ్చరిక. ‘టెర్రర్’, ‘టెర్రిబుల్’ అనేవాళ్ళు కూడా ఈ ఇంటి పిల్లల్లాగే కనిపిస్తారు. కారు. వాళ్ళది భయం అనే వేరే ఇల్లు. చుట్టరికం కలుపుకుని భోజనాల దగ్గర కూర్చోబోతే లేపెయ్.

కోటు వెచ్చగా ఉన్నందుకు సంతోషం. మఫ్లరు కూడా పంపనా?

నీ క్షేమం, నీ మార్కులూ కోరే,
వదిన


ప్రియమైన వదినమ్మకు,

నీ కుటుంబం మొత్తాన్ని నా షెడ్డులో దింపేశాను! ఒక్కో మాటకు ఒక్కో కుండీ. చీటీ మీద మాట రాసి మట్టిలో గుచ్చాను. నీళ్ళు పోసే ముందు దాని అర్థం పైకి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పూట దానికి నీళ్ళు లేవు. ఈ రూలు నాదే. మొక్క ఎండిపోతుందన్న బెంగకి అర్థం దానంతటదే నోట్లోకొస్తోంది. ‘సబ్‌టెర్రేనియన్’ ఒక్కటే పాపం ఒకరోజంతా దాహంతో అల్లాడింది. మర్నాటికి దాని అర్థం మళ్ళీ జన్మలో మర్చిపోనంతగా వచ్చేసింది.

నా వరసలో నిలబడి నేను గొణుగుతుంటే తోటివాళ్ళు, “ఏంటే, మొక్కలకి మంత్రాలేస్తున్నావా?” అంటున్నారు. ఏసుకుంటే ఏసుకున్నానులే, నీకేం అన్నాను.

ఇంకా పంపు. కుండీలు ఖాళీగా ఉన్నాయి.

అన్నయ్య గింజలు మొలిచాయి వదినా. రెండాకులు వేసి నిలబడ్డాయి. ఆ కుండీకి మాత్రం చీటీ పెట్టలేదు, ఏ మాటా దానికి నప్పలేదు. తగిన మాట ఒకటి నువ్వే పంపు.

ఆశతో ఎదురుచూసే,
నీ షెడ్డు శిష్యురాలు


ప్రియమైన శిష్యురాలికి,

మొక్కల్ని దాహంతో మాడ్చి చదువుకునే మనిషిని నిన్నే చూశాను. మా క్లాసులో చెబితే అందరూ పడీపడీ నవ్వారు. ఒకాయనైతే ఇంట్లో పిల్లికి పాలు పోసేటప్పుడు అర్థాలు చెప్పడం మొదలుపెట్టాడట.

మట్టికి లాటిన్‌లో ఇంకో పేరుంది, ‘హ్యూమస్’. అది నీకు ముందే తెలుసు, ఆకులు కుళ్ళి నల్లబడిన మట్టిని మీరు అదే పేరుతో పిలుస్తారు. దాని పిల్లల్ని చూడు. నేలకు దగ్గరగా, అణకువగా ఉండేది ‘హంబుల్’. ఎదుటివాడి తలను నేలకు దించడం, అంటే అవమానించడం ‘హ్యుమిలియేట్’. పాతినదాన్ని మళ్ళీ తవ్వి తీయడం ‘ఎగ్జ్యూమ్’. ‘హ్యూమన్’, అంటే మనిషి కూడా ఈ మట్టికి చుట్టమేనంటారు.

అంతే. కుటుంబం అయిపోయింది. ఇంకెవరూ లేరు.

బాగా చదువు. చేతులు కడుక్కుని తిను.

ఎప్పటికీ నీ,
వదిన


ప్రియమైన వదినకు,

ముందు మంచి మాట. పేపరు గట్టెక్కాను! కాలరెగరేసుకుని తిరుగుతున్నాను.

ఇప్పుడు చెడ్డ మాట. అమ్మకాల రోజున నేను మట్టి లోడు దింపించుకుంటుంటే, మావాళ్ళు చీటీలున్న నా కుండీలన్నీ అలాగే బయట బల్లల మీద పెట్టేశారు. జనం వాటిని మొక్కల పేర్లనుకున్నారు! ఒకాయన ‘హంబుల్’ పట్టుకెళ్ళి, “ఇది అణకువగా పెరుగుతుందనుకుంటే ఇంటి కప్పెక్కింది, ఇంకోటివ్వండి” అంటూ తిరిగొచ్చాడు. అదయినా నయం. కొత్త అల్లుడొకడు ‘హ్యుమిలియేట్’ కొని వాళ్ళ అత్తగారికి కానుకిచ్చాడు. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు.

ఆవిడ కుండీతో సహా వచ్చి మేనేజరు గదిలో కూర్చుంది. ఆయన నన్ను పిలిచి, “నీ మాటలు నా కొంప ముంచాయి! ఆ చీటీలన్నీ పీకి నా బల్ల మీద పెట్టు. ఇంటర్వ్యూలో కలుద్దాం” అన్నాడు. అడిగే ముగ్గురిలో ఆయనొకడు వదినా. కౌంటరు మిషను చప్పుడు ఇప్పటినుంచే వినిపిస్తోంది. అయినా నేను తగ్గను.

ఇంకో సంగతి. నిఘంటువులో ‘హ్యూమస్’ పిల్లల్ని సరిచూస్తుంటే మరొకరు కనిపించారు. ‘పోస్ట్యుమస్’. మనిషి మట్టిలో కలిశాక వచ్చేది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ, రాసినవాడు పోయాక అచ్చయిన పుస్తకం. నీకు తెలియని మాట కాదు. ఎందుకు చెప్పలేదని అడగను.

అన్నయ్య పుచ్చతీగ కిటికీ ఊచ పట్టుకుంది.

ప్రేమతో,
ఆడపడుచు


ప్రియమైన అమ్మాయీ,

ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే “రాస్తాను, రాస్తాను” అని పెట్టేస్తున్నావు. ఆ మేనేజరు ఏమన్నాడు? కౌంటరులో వేశాడా? వేస్తే చెప్పు, వచ్చి ఆయనకు ఒక క్లాసు తీసుకుంటాను. నువ్వు చేతకానిదానివి కావు. ఆ మాట నీ నోటితో వినేదాకా నాకు తిండి సయించదు.

ఎదురుచూస్తూ,
వదిన


ప్రియమైన వదినకు,

కోప్పడకు. ఒకటి నిలుస్తుందో లేదో చూసి రాద్దామని ఆగాను. ఇప్పుడు రెండూ కలిపి చెబుతాను.

మేనేజరు నా చీటీలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. ఒక్కొక్కటీ తీసి అడిగాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ‘హ్యుమిలియేట్’ దగ్గర నవ్వాపుకోలేక దగ్గాడు. మిగతా ఇద్దరికీ ‘టెర్రియర్’ నచ్చింది. అన్నీ అయ్యాక, “షెడ్డులో కిటికీ ఎక్కిన పుచ్చతీగ ఉంది. దానికి చీటీ లేదేం? మాట దొరకలేదా?” అన్నాడు.

“దొరికింది సార్. రాయడానికి నాకు హక్కు లేదు” అన్నాను.

“ఎవరికుంది?”

“మా వదినకి.”

అప్పుడు ‘పోస్ట్యుమస్’ అన్న మాట చెప్పాను, అర్థం చెప్పాను. అన్నయ్య కోటు సంగతి, జేబులో గింజల సంగతీ చెప్పాను. తర్వాత మేనేజరు, “ఆ కుండీ చిన్నదైపోయినట్టుంది. పెద్దదానిలోకి మార్చండి, విభాగం పెద్దగారూ” అన్నాడు.

అవును వదినా, కుర్చీ నాదే!

నేను ఆగింది పిందె కోసం. నిలిచింది. బుల్లి కాయైంది. మచ్చలు మచ్చలుగా ఆకుపచ్చగా ఉంది. ఈ కవర్లో ఖాళీ చీటీ ఒకటి పెట్టాను. ఏం రాయాలో, అసలు రాయాలో వద్దో నీ ఇష్టం.

మట్టి చేతులతో,
విభాగం పెద్ద


ప్రియమైన పెద్దగారికి,

ఉత్తరం చదివి పెద్దగా అరిచాను. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. మా ఆడపడుచు గెలిచిందని చెప్పి, ఇంట్లో ఉన్న బిస్కెట్లన్నీ వాళ్ళకు పంచేశాను.

ఆ మాట దాచలేదు అమ్మాయీ. రాయబోతే చెయ్యి కదల్లేదు. దాని గురించి నిఘంటువు పూర్తిగా చెప్పని ముక్కొకటి చెబుతాను విను. అది మట్టి ఇంట్లో పుట్టిన మాట కాదు. లాటిన్‌లో దానికి మొదట ‘చిట్టచివరిది’ అనే అర్థం. తర్వాత జనం దాన్ని మట్టితో కలిపేశారు, అది ఆ ఇంటిదైపోయింది. నేను మీ ఇంటికొచ్చినట్టే.

మీ అన్నయ్య జేబులు తిప్పి గింజలు దులిపిన ప్రతిసారీ తిట్టేదాన్ని. ఆ ఒక్క కోటునే ఉతకలేకపోయాను. ఉతికితే ఆయన వాసన పోతుందని అలాగే ఉంచాను. చూడలేక, పారేయలేక నీకిచ్చాను. ఉతికుంటే ఆ గింజలు నీళ్ళలో కొట్టుకుపోయేవి. మనిద్దరి అదృష్టం.

చీటీ రాశాను. లాటిన్ లేదు, ఇంగ్లీషూ లేదు. ‘మా ఆయనది. అమ్మకానికి లేదు’ అని రాశాను. నేనే తెచ్చి గుచ్చుతాను. క్లాసుకు సెలవు పెట్టేశాను. పండాక కూడా కాయ కోయకు, నేనొచ్చేదాకా ఆగు. ఇద్దరం కూర్చుని తిందాం. గింజలు మాత్రం ఒక్కటీ పారేయకు, అన్నీ నావే. లోపలి జేబున్న కోటు ఒకటి కొనుక్కుని వస్తున్నాను.

నీ,
వదిన