ఈల పోయిన బండి

ఎల్లారెడ్డి

ప్రియమైన మహిపాలన్నకు,

యేసుబాబు నమస్కారాలు. ఈ ఉత్తరం మన కామారెడ్డి బస్సు నడిపే యాకూబు చేతికిస్తున్న. క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి నీ గొంతుపెట్టె తీసేసినప్పటి సంది నీతోని ఫోన్‌లో మాట్లాడబుద్ధి అయితలేదు. నువ్వు రాసి చూపిస్తుంటే నేను వాయిస్ మెసేజ్ పెట్టుడు ఏం మర్యాద? ఫోన్‌లో అక్షరాలు కొట్టుడు మనిద్దరికీ రాదాయె. అందుకే కాగితం.

ముచ్చట బండిదే. నువ్వు నీ మెకానిక్ షెడ్డుల ఎన్నిసార్లు విప్పి బిగించినవో, ఆ పాత టర్బో డీజిల్ బండి మొండికేసింది. సదాశివనగర్ పోయి వస్తుంటే ఎత్తు మీద పికప్ లేదు. ఎంత తొక్కినా ఎడ్లబండి నడకే. వెనక నల్ల పొగ. ఇంజనుకు గాలి ఎక్కించుకుంట టర్బో వేసే ఈల పోయింది, దాని జాగల స్స్‌మని చప్పుడు. "బండి గూడ నీ లెక్కనే అయింది, చప్పుడే గానీ పని లేదు" అని మా ఇంటామె సుధారాణి ఒకటే నవ్వుడు.

నీ హైదరాబాద్ చెకప్ దగ్గరికొచ్చింది. డాక్టరు మందు మారుస్తడట, నయమైతదని బాలలక్ష్మి వదిన ఆశ పెట్టుకున్నది. నిన్ను బస్సులో తీస్కపోను. నువ్వు ఊపిరి తీసే మెడ రంధ్రంలో దుమ్ము పడతది, పైగా అందరూ అదే చూస్తరు. పోయినసారి కిరాయి కారు మాట్లాడుత అంటే నువ్వు తల అడ్డంగ ఊపి, "యేసు బండి అయితేనే వస్త" అని పలక మీద రాసినవు. సంతోషమే, కానీ బండి కదలాలె గదా! ఇక్కడి మెకానిక్ టర్బో మార్చాలె అన్నడు. నీ చెయ్యి పడ్డ ఇంజనుకు ఇంకొకరి చెయ్యి తగలనియ్యనని వాపస్ తెచ్చుకున్న. ఇంటి ముందట బానెట్ లేపి కూసున్న. ఏమేం చూడాలెనో రాయి.

నీ తమ్ముడు,
యేసుబాబు


కామారెడ్డి

తమ్మీ యేసుబాబూ,

ఉత్తరం అందింది. మీ వదిన బీడీలు చుట్టుకుంటనే నా మొహం చూస్తున్నది, ఏం రాసిండో అని. ఆమెకు చదువు రాదు, నాకు మాట లేదు. చేతులతోని స్టీరింగ్ తిప్పి, దగ్గినట్టు చేసి చూపించిన. బండి ఖరాబయిందని అర్థమై నవ్వింది. మా సంసారం ఇప్పుడు గిట్ల నడుస్తున్నది.

ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పు. రోడ్ల మీద వడ్లు ఆరబోసిన కాలం ఇది, ఆ పొట్టంతా అండ్లకే పోతది. తర్వాత డీజిల్ ఫిల్టర్ కింది నట్టు వదులు చేసి నీళ్లున్నయా చూడు. అది కూడా బాగుంటే టర్బో పక్కన ఒక డబ్బీ, దానికి సన్నటి గొట్టం ఉంటది. ఆ గొట్టం ఊడబీకి నోటితోని గట్టిగ పీల్చు. లోపలి కడ్డీ కదలాలె. నా షెడ్డులో ఈ పని ఎప్పుడూ నేనే చేసేది. ఇప్పుడు నోటితోని పీల్చుడు నాతోని కాదు.

ఒకటి చూసినంక ఒకటి చూడు. తొందర లేదు. సుధారాణికి దీవెనలు.

నీ అన్న,
మహిపాల్


ఎల్లారెడ్డి

ప్రియమైన అన్నా,

నువ్వు చెప్పినవన్నీ అయినయి. ఫిల్టర్‌లో పిడికెడు వడ్ల పొట్టు ఎల్లింది. ఇదే దొంగ అనుకొని దులిపి పెట్టి లింగంపేట దాకా పోయిన. అదే నడక, అదే పొగ. డీజిల్‌లో నీళ్లు లేవు. గొట్టం పీలిస్తే కడ్డీ మంచిగనే కదిలింది గానీ నా నోరంతా మసి. సుధారాణి మూడు పూటలూ నన్ను చూసి నవ్వింది.

చెకప్ తారీఖు దాటిపోయింది. వదిన ఫోన్ చేసి ఏడ్చింది. "తమ్మీ, బండి ఎప్పుడైతది? ఆయన గంజి గూడ మింగుతలేడు, రాత్రి పండుకోడు, కూసొనే ఉంటడు" అన్నది. డాక్టరు ఇంకో తారీఖు ఇచ్చిండట. అన్నా, నీ కాళ్లు మొక్కుత, కిరాయి కారులో పోదామా? కాదంటే ఇంకేం చూడాలెనో జల్ది రాయి. నాకు నిద్ర పడుతలేదు.

నీ తమ్ముడు,
యేసుబాబు


కామారెడ్డి

తమ్మీ,

జవాబు ఆలస్యమైంది. గోడకు ఒరిగి రాస్తున్న, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

కిరాయి కారు వద్దు. ఎయిర్ ఫిల్టర్ దిక్కు పైపు ఇప్పి, టర్బో ఇరుసు వేళ్లతోని పట్టుకొని ఊపు. పక్కలకు కొంచెం ఆడితే ఫికర్ లేదు, ముందుకూ వెనక్కూ ఆడితే పోయినట్టు. తర్వాత పొగను మళ్ల ఇంజనుకు మళ్లించే ఈజీఆర్ వాల్వ్ విప్పి మసి గీకు. పెద్ద పని అది. నిమ్మళంగ చెయ్యి.

మీ వదినను సముదాయించు. నీ మాట వింటది.

మహిపాల్


ఎల్లారెడ్డి

మహిపాలన్నా,

దొరికింది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపు కింది పక్క చీలింది. పైకి ఏం తెలువదు. నూనె తడి కనిపించి వంచి చూస్తే నోరు తెరిచింది. సబ్బునీళ్లు పోసి సుధారాణిని యాక్సిలేటర్ తొక్కుమన్న, బుడగలు లేచినయి. టర్బో మంచిగనే ఉన్నది. అది పంపిన గాలి నడుమల్నే పోతున్నది, అంతే. సుధారాణి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తాడ్వాయి హనుమాండ్లు నీ షెడ్డుకు బండి తెచ్చింది యాదికున్నదా? "నల్ల పొగ, పికప్ లేదు, స్స్‌మంటున్నది" అన్నడో లేదో, నువ్వు చాయ్ గ్లాసు కింద పెట్టకుండనే "పైపు చీలింది, పో" అన్నవు. నేను నీకు అవే మాటలు రాసిన. నువ్వు గొట్టాలు పీల్పించినవు, మసి గీకిపించినవు గానీ పైపు ఊసే ఎత్తలేదు. మర్చిపోయినవా? నీ పేరన్న మర్చిపోతవు గానీ అది మర్చిపోతవా!

నాతోని ఎందుకిట్ల ఆడుకున్నవు? ఒక్క మాట రాయి.

యేసుబాబు


కామారెడ్డి

తమ్మీ యేసూ,

నువ్వు అన్నది నిజమే. మొదటి ఉత్తరం చదివినప్పుడే పైపు అని తెలుసు.

పోయినసారి హైదరాబాద్‌లో నువ్వు బండి పెట్టి వచ్చేలోపు, మీ వదిన మందుల కాడ నిలబడ్డప్పుడు, డాక్టరు నా ఒక్కనికే చెప్పిండు. రోగం మళ్ల పుట్టిందట, ఊపిరితిత్తులలోకి పోయిందట. "ఇంక మందు లేదు. గంజి పోసేతందుకు ముక్కుకు గొట్టం వేసి దవాఖాన మంచం మీద కొన్ని దినాలు ఉంచుత, నిన్ను తీస్కరమ్మని ఇంటోళ్లకు చెప్పు" అన్నడు. మందు మారుస్తడన్న మాట మీ వదినకు నేను సైగలతోని చెప్పిన అబద్ధం.

నాకు ఆ మంచం మీద పోవాలని లేదు. వద్దంటే నువ్వు వింటవా? ఎత్తుకొని బండిలో వేసుకుంటవు. ఇదివరకైతే గట్టిగ తిట్టి గెలిచేటోణ్ని. ఇప్పుడు దేనితోని తిట్టాలె? బండి ఆగిందని నువ్వు రాస్తే, పోనీ, నా తరఫున ఇదన్న మొండికేసింది అనుకున్న. మసి గీకిపించినందుకు కోపం తెచ్చుకోకు.

మీ వదిన దినాం వాకిట్లో చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుంటది, బండి వస్తదని. అది చూడలేకపోతున్న. చెప్దామంటే ఆమె చదవలేదు, సైగలతోని చెప్పే మాట కాదిది. పక్కింటోళ్లతోని చదివియ్యాల్నా?

పైపు మార్చు. క్లిప్పులు గూడ కొత్తవి వెయ్యి. బండి తీస్కరా, ముగ్గురం పోదాం. హైదరాబాదుకు కాదు, ఎల్లారెడ్డి రోడ్డుకు. తాడ్వాయి దాటినంక ఎత్తు వస్తది గదా, అక్కడ మూడో గేరులో గట్టిగ తొక్కు. ఆ ఈల ఒకసారి వింట. ఎత్తు ఎక్కినంక పక్కకు ఆపి ఇంజను బంద్ చెయ్యి. నేను దిగి పొలాల దిక్కు తిరిగి నిలబడుత. నువ్వు వదినకు చెప్పు.

నీ అన్న,
మహిపాల్