అక్క మింగిన నా గోళీ

మంగళవారం, అమీర్‌పేట

ఇన్ని వారాలు అన్నం ముట్టకుండా, డాక్టరు చెప్పిన సూపులతోనే బతికాను. షుగర్ మామూలుకొచ్చింది. నిన్న పంజాగుట్టలో డాక్టరు గోళీలు ఆపేయమన్నాడు.

ఆ సంతోషానికి ఇవాళ బోరబండ నుంచి అక్క లడ్డూలు తెచ్చింది. లడ్డూలు! షుగర్ తగ్గిందని! నన్ను చూడగానే, "గిట్ల బక్కగైనవేంది తమ్మీ? నీ పెండ్లాం తిండి పెడ్తలేదా?" అంది. రోజూ ఆ సూపులు కాచిన నా భార్య లోపలికి వెళ్లిపోయింది.

అక్కకీ షుగరే. కాలి పుండు ఎంతకీ మానడం లేదు. "నువ్వు సుత మా డాక్టరుకు చూపించుకోరాదా అక్కా" అన్నాను.

"కడుపు మాడ్చుకునుడు నాతోని కాదురా. గీ గోళీలు నీకింక అక్కెర లేదు గదా?"

నేను లేచేలోపే బల్ల మీద మిగిలిన నా గోళీ ఒకటి మింగి, లడ్డూ అందుకుంది. "గోళీ ఏసుకున్న గదా, ఏం గాదు."

ఇన్నాళ్ల నా ఆకలి ఆమెకు ఒక లడ్డూకి పనికొచ్చింది.