పరీక్ష అయ్యాకే విప్పాల్సిన కవరు

చెల్లాయికి, అన్నయ్య దీవెనలు.

సోమవారం నీ బస్సు డ్రైవరు పరీక్షట కదా, ధైర్యంగా వెళ్ళు. ఒక్క మాట. ఆడవాళ్ళకి బండి వెనక్కి తీయడం రాదని అందరూ అంటారు. నువ్వు పట్టించుకోకు.

నీ మంచి కోరే
అన్నయ్య

తా.క. అద్దం ఉన్నది వెనక చూడ్డానికి. మొహం చూసుకుంటూ కూర్చోకు.

*

అన్నయ్యకు, చెల్లాయి రాసేది.

పట్టించుకోకు అన్నావు చూడు, అప్పట్నుంచి అదే పట్టుకుంది. ఆర్నెల్లుగా డిపోలో అవలీలగా వెనక్కి తీస్తున్నదాన్ని, ఆ రోజు అద్దంలో చూస్తే నీ ఉత్తరమే కనిపించింది. పోయి స్తంభానికి కొట్టాను. పరీక్ష పెట్టినాయన "అనుకున్నా" అన్నాడు. ఇంకొక్క అవకాశమే ఉంది. అదీ పోతే జన్మంతా టిక్కెట్ల కిటికీ దగ్గరే. భయంగా ఉంది అన్నయ్యా.

శుక్రవారం పసిపిల్లల వార్డులో నర్సు ఉద్యోగానికి నీ పరీక్ష కదా. మగాళ్ళవి మొరటు చేతులంటారు. జాగ్రత్త.

నీ చెల్లాయి

తా.క. ఇది కక్ష కాదు, ప్రేమే.

*

చెల్లాయికి,

నీ ప్రేమ చల్లగుండ. నాలుగేళ్ళుగా ఆ వార్డులో సహాయకుడిగా ఎంతమంది పిల్లలకి స్నానం చేయించానో లెక్కలేదు. పెద్ద నర్సమ్మ ముందు బొమ్మ బిడ్డని ఎత్తుకోగానే నా చేతులు నాకే మొరటుగా కనిపించాయి. బొమ్మ జారి తొట్టిలో మునిగింది. ఆవిడ "పాపం" అంది. నన్నో, బొమ్మనో తెలీలేదు. వచ్చే నెల మళ్ళీ రమ్మంది.

ఇకపై సలహాలు లేవు. ఒట్టు.

అన్నయ్య

తా.క. ఒక్క మాట ఆపుకోలేక వేరే కవర్లో పెట్టాను. నా నోటి చలవ తెలుసుగా, పరీక్ష అయ్యాకే విప్పు.

*

అన్నయ్యకు,

ఆ కవరు నాకు నాలుగు రోజులు తిండి సయించనివ్వలేదు. బీరువాలో పెట్టాను, తీశాను, బియ్యం డబ్బాలో దాచాను, చివరికి పరీక్షకి వెంట తీసుకెళ్ళాను. లోపల "ఆడవాళ్ళు" అని మొదలయ్యే మాటే ఉంటుందని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. అన్నలంతా ఇంతే అనుకున్నాను. ఆ కోపంలో స్తంభం సంగతి, ఆడవాళ్ళ సంగతి రెండూ మర్చిపోయి, బస్సుని వెనక్కి గీతల మధ్యకి తీసి పెట్టాను. పాసయ్యాను.

అప్పుడు విప్పాను. "పదిహేనేళ్ళొచ్చినా రాని సైకిలు నాకు నేర్పింది ఏడేళ్ళ నువ్వు. గోడకి కొట్టింది నేను" అని ఉంది. డ్రైవరు సీట్లోనే కూర్చుని ఏడ్చాను. నిన్ను ఊరికే తిట్టుకున్నాను, క్షమించు.

నీ చెల్లాయి

తా.క. నీకూ ఓ కవరు పెట్టాను. అమ్మ పనికి పోతే పసిపిల్లనైన నాకు రోజూ స్నానం చేయించిందెవరో అందులో రాశాను. నువ్వు మాత్రం పరీక్షకి ముందే విప్పు.