గాలిమోటరు ఎక్కిన తమ్ముడికి

బెల్లంపల్లి

చిరంజీవి రాజేశానికి అక్క రుక్మిణి రాయునది. దీవెనల సంగతి చివర్లో. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమో కాదో నీ ఉత్తరం చదివితే తెలియలేదు. మొదటి పేజీ అంతా విమానం, రెండో పేజీ అంతా నా మీద కోపం.

విమానం సంగతి ముందు. కేసు పని మీద బేగంపేటలో ఎక్కి, పొద్దు తిరిగేసరికి ఢిల్లీలో దిగావట. దగ్గర దగ్గర ఎనిమిది వందల మైళ్లట. పైనుంచి నదులు దారపు పోగుల్లా కనిపించాయట. చాయ కూడా ఇచ్చారట. సంతోషం. ఆ పోగుల్లో ఒకటి గోదావరి. దాన్ని దాటి అక్క ఇంటికి రావడానికి మాత్రం నీకు ఇన్నేళ్లలో తీరలేదు.

కన్నబిడ్డను, నన్ను, చూసొస్తానని అవ్వ అడిగినప్పుడల్లా వానాకాలం వాగులన్నావు, ఎండాకాలం వడగాలి అన్నావు. చలికాలంలో ఏ సాకూ దొరక్క దూరం అన్నావు. కరీంనగర్ నుంచి పెద్దపల్లికి బస్సు, అక్కణ్నుంచి రైలు. అదెంత దూరమో నువ్వు ఢిల్లీలో ఉండగా అవ్వే చూసుకుంది.

ఆ రోజు నా కొడుకు శంకర్ గనికి పోయాడు. నేను దండెం మీది బట్టలకు పట్టిన బొగ్గుమసి దులుపుతున్నాను. ఈ ఊళ్లో ఉతకడం కంటే దులపడమే పెద్ద పని. చూస్తే క్వార్టరు ముందు అవ్వ, చంకలో మూట, చేతిలో ఆకువక్కల సంచి. కాళ్లు కడుక్కుని కూర్చుని, "గిదేనా వాడు చెప్పిన దూరం? సంచిల ఆకులు గుడ ఒడువలే" అంది. తెచ్చుకున్న ఆకులు అయిపోకముందే మా ఇల్లు వచ్చేసిందట. గుడికి పోతున్నానని నీ భార్య విమలకు చెప్పి బయలుదేరిందట. అబద్ధమే. నీ ఇంట్లో ఉండి నేర్చుకుంది.

ముసలిదాన్ని ఒంటరిగా రప్పించుకున్నానని నన్ను తిట్టావు. నేను రప్పించలేదు. "బిడ్డ ఇంట్లో అవ్వకు ఏమన్నా అయితే నలుగురిలో నా మొఖం ఎట్ల చూపించాలి? ఆదివారం వచ్చి తీసుకుపోతాను" అని రాశావు చూడు, అసలు దూరం అదీ. ఆమె చావు కొడుకు గడపలోనే జరగాలని బతుకంతా ఆ గడపకే కట్టేశావు. వకీలువి కదా, ఇది ఏ చట్టమో చెప్పు.

నీ ఉత్తరం ఆమెకు మొత్తం చదివి వినిపించాను. "గాలిమోటర్ల మంచిగ పోయొచ్చిండా? భయపడలే గద?" అని ముందు అదే అడిగింది. ఆదివారం సంగతి విన్నాక ఆకుకు సున్నం రాసి, మడిచి బుగ్గన పెట్టుకుంది. తర్వాత అంది: "సచ్చేతందుకు రాలే బిడ్డా, ఉండేతందుకు వచ్చిన. గట్లనే రాయి." రాశాను.

ఆమెకు ఇక్కడ లోటు లేదు. జొన్నరొట్టె పాలల్లో నానబెడితే తింటోంది. బొగ్గుల పొయ్యి పొగకు దగ్గుతుంది, కానీ గని కూత వినబడితే మనవడు వచ్చాడేమోనని తలుపు దగ్గరికి నాకంటే ముందు పోతుంది. ఈ కాలనీలో అందరికీ నేను శంకర్ తల్లినే. 'రుక్కీ' అని పిలిచే గొంతు ఇన్నాళ్లకు నా ఇంట్లో వినబడుతోంది. ఆ గొంతును బండెక్కించి తీసుకుపోతావా?

రా, తప్పకుండా రా. ఆమె కంటద్దాలు, బొంత పట్టుకురా. తిరిగి పోవడానికి ఒక్క టికెట్టే తీసుకో.

విమలకు, పిల్లలకు నా దీవెనలు. నీవి అవ్వ దగ్గర ఉన్నాయి. వచ్చి కాళ్లు మొక్కి తీసుకో.

నీ అక్క
రుక్మిణి